గురి తప్పిన చేతికి దేవుడేం చేస్తాడు?

కరీంనగర్ దిక్కు ఇళ్లల్లో పిల్లలకు వరసగా ఏదీ కలిసిరాకపోతే పెద్దల నోట మొదట వచ్చే మాట, "టైం మంచిగ లేదు." బోరు ఎండినా అదే మాట, దుబాయ్ వీసా ఆగినా అదే మాట. కాలేజీ జట్టులో బాస్కెట్‌బాల్ ఆడే పోరడు సీజన్ మొదట్లో నాలుగు మ్యాచ్‌లు వరసగా బంతిని రింగులో వేయలేకపోయినా అదే. ఆ వెంటనే రెండో మాట వస్తుంది: "రాజన్నకు మొక్కుకో బిడ్డా, మంచిగైతది." ఒకే గుక్కలో వచ్చే ఈ రెండు మాటలూ ఒకే నమ్మకంలోంచి పుట్టినట్టు కనిపిస్తాయి. నిదానంగా చూస్తే రెండూ బద్ధ విరుద్ధం. మొదటిది మనసారా నమ్మినవాడు ప్రాక్టీసు మానేస్తాడు. రెండోది మనసారా నమ్మినవాడికి మర్నాడు పొద్దున్నే కోర్టుకు వెళ్లడానికి అడ్డేమీ ఉండదు.

బాస్కెట్‌బాల్‌లో షూటర్ అంటే దూరం నుంచి బంతిని రింగులో వేయడమే పనిగా ఉన్నవాడు. జట్టు అతణ్ణి నమ్మి బంతి అందిస్తుంది. ఎంత గొప్పవాడికైనా పదిసార్లు విసిరితే నాలుగు పడతాయి, ఆరు తప్పుతాయి. అంటే ఎక్కువసార్లు ఓడిపోతూ చేసే పని అది. అందుకే ఈ ఆటలో ఆధ్యాత్మిక ప్రశ్న మిగతా ఆటలకన్నా నగ్నంగా బయటపడుతుంది. వరసగా తప్పుతున్నవాడు మళ్లీ ఎందుకు విసరాలి? ఏ ధైర్యంతో విసరాలి?

2018 అక్టోబర్‌లో అమెరికా ఎన్‌బీఏ సీజన్ మొదలైనప్పుడు గోల్డెన్ స్టేట్ వారియర్స్ ఆటగాడు క్లే థాంప్సన్ పరిస్థితి ఇదే. కెరీర్ మొత్తమ్మీద మూడు పాయింట్ల షాట్లలో నూటికి నలభైకి పైగా వేసిన మనిషి, ఆ సీజన్ తొలి ఏడు మ్యాచ్‌లలో 36 విసిరి 5 మాత్రమే వేశాడు. అక్టోబర్ 29న షికాగోలో ఎనిమిదో మ్యాచ్. ఆ రాత్రి 27 నిమిషాలే ఆడి 52 పాయింట్లు చేశాడు. 24 సార్లు దూరం నుంచి విసిరితే 14 పడ్డాయి. ఒక మ్యాచ్‌లో అన్ని మూడు పాయింట్ల షాట్లు అప్పటిదాకా ఎవరూ వేయలేదు. అంతకుముందు 13తో ఉన్న రికార్డు అతని సహచరుడు స్టెఫెన్ కరీదే.

ఆ కరీకీ ఇలాంటి కథే ఉంది, కాలేజీ రోజులది. 2006 నవంబర్‌లో డేవిడ్‌సన్ కాలేజీ తరఫున అతని మొదటి మ్యాచ్. ప్రత్యర్థి ఈస్టర్న్ మిషిగన్. ఆ మ్యాచ్‌లో బంతిని 13 సార్లు అవతలి జట్టు పాలు చేశాడు. కొత్త కుర్రాడికి అది తలెత్తుకోలేని లెక్క. కోచ్ బాబ్ మెకిలప్ మాత్రం అతణ్ణి పక్కన పెట్టలేదు. తర్వాతి మ్యాచ్‌లో మిషిగన్ విశ్వవిద్యాలయం మీద కరీ 32 పాయింట్లు చేశాడు. మొదటి రోజు చూసి ఇతనికి గ్రహచారం బాలేదనుకుని ఉంటే ప్రపంచం ఒక గొప్ప షూటర్‌ని చూసి ఉండేదే కాదేమో.

ఇక్కడ లెక్క తెలిసినవాళ్లు ఒక మాట అంటారు. పదికి నాలుగు వేసే షూటర్ విసిరే ఏ ఐదు వరస షాట్లు తీసుకున్నా, ఐదూ తప్పే అవకాశం నూటికి ఎనిమిది దాకా ఉంటుంది. సీజన్లో రెండు వందలసార్లు విసిరేవాడికి అలాంటి వరస రాకపోతేనే వింత. దానికి శని కారణం కాదు, సంఖ్యల స్వభావమే అంత. నిజమే. కానీ 36లో 5 అన్నది అలా కొట్టిపారేసే లెక్క కాదు. పదికి నాలుగు వేసేవాడికి కేవలం కాకతాళీయంగా అలా జరగడం వెయ్యింట ఒకసారి మాట. కనక అక్కడ చేతిలోనో, మనసులోనో నిజంగా ఏదో మారిందనుకోవాలి. మన ఇళ్లల్లో 'టైం' అని చుట్టేసే దానిలో ఈ రెండూ కలిసిపోయి ఉంటాయి. ఒకటి ఊరికే వచ్చిపోయే వరస, రెండోది సరిదిద్దుకోవాల్సిన లోపం. వీటిని విడదీయకపోవడమే ఆ మాటలోని ప్రమాదం.

శాస్త్రవేత్తలూ ఈ విషయంలో తడబడ్డారు. థామస్ గిలోవిచ్, రాబర్ట్ వలోన్, ఆమోస్ ట్వెర్‌స్కీ 1985లో ఒక ప్రసిద్ధ అధ్యయనం ప్రచురించారు. ఫిలడెల్ఫియా జట్టు మ్యాచ్‌ల లెక్కలు తీశారు, కార్నెల్ విశ్వవిద్యాలయం ఆటగాళ్లు, ఆటగత్తెల చేత షాట్లు వేయించి చూశారు. చెయ్యి ఊపు మీద ఉండటం అనేది మన భ్రమే అని తేల్చారు. వరసగా పడ్డాయి కనక ఇంకా పడతాయనుకోవడం ఉత్త నమ్మకమేనన్నారు. మూడు దశాబ్దాలు దాన్నే పాఠంగా చెప్పారు. 2018లో జాషువా మిల్లర్, ఆడమ్ సన్‌హుర్హో ఆ లెక్క కట్టిన పద్ధతిలోనే ఒక పొరపాటు పట్టుకున్నారు. నాణెం మూడుసార్లు ఎగరేస్తూ, బొమ్మ పడ్డ వెంటనే మళ్లీ బొమ్మ ఎన్నిసార్లు పడిందో ప్రతి వరసకూ విడిగా చూసి సగటు తీస్తే, సగానికి సగం రాదు. పన్నెండింట ఐదే వస్తుంది. ఆ తేడా సవరించుకుంటే పాత లెక్కల్లోనే ఊపు జాడలు కనపడతాయి. కాలం కలిసిరావడం, కలిసిరాకపోవడం గురించి అంత కచ్చితంగా మాట్లాడే హక్కు పంచాంగానికే కాదు, గణితానికీ ఇంకా పూర్తిగా దక్కలేదన్నమాట.

లెక్కల సంగతి వదిలి బంతి దగ్గరికి వద్దాం. రింగు నేల నుంచి 3.05 మీటర్ల ఎత్తులో ఉంటుంది, లోపలి వెడల్పు 45 సెంటీమీటర్లు. మగవాళ్ల బంతి వెడల్పు దాదాపు 24. నిట్టనిలువుగా పై నుంచి పడితే బోలెడంత చోటు. నలభై ఐదు డిగ్రీల వాలుతో వస్తే బంతికి ఎదురయ్యే తెరుపు 32 సెంటీమీటర్లకు తగ్గిపోతుంది, మిగిలే జాగా ఎనిమిదే. ముప్పై డిగ్రీల వాలుకు ఆ తెరుపు 22న్నర. అంటే బంతికన్నా చిన్నది, రింగు అంచుకు తగలకుండా లోపల పడే మార్గమే లేదు. పడదేమోనన్న భయం పట్టుకున్న ఆటగాడి మణికట్టు బిగుసుకుంటుంది. బంతిని వదలాల్సిన చెయ్యి దాన్ని తోస్తుంది. గాలిలో ఎత్తుగా వంగి రావాల్సిన దారి చదునవుతుంది. కోచ్‌లు 'పైకి వేయరా' అని అరిచేది అందుకే. భయానికీ రింగు అంచుకూ మధ్య ఉన్న సంబంధం అలా సెంటీమీటర్లలో కొలిచి చూపించొచ్చు.

మనస్తత్వ శాస్త్రజ్ఞులు సియాన్ బైలాక్, థామస్ కార్ 2001లో గోల్ఫ్ ఆడేవాళ్ల మీద చేసిన పరిశోధన ఈ భయం ఎలా పనిచేస్తుందో చెబుతుంది. బాగా అలవాటైన పనిని చెయ్యి తనంతట తాను చేసుకుపోతుంది. ఏమవుతుందోనన్న ఒత్తిడి పెరిగినప్పుడు మనసు ఆ పనిలోకి చొరబడి ఒక్కో అడుగునూ కాపలా కాస్తుంది. అక్కడే చెయ్యి తప్పుతుంది.

భగవద్గీత చదివినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. పని మీదే అధికారం, ఫలం మీద కాదు అని కృష్ణుడు చెప్పింది ఒక విలుకాడికి, అదీ విల్లు జారిపోతున్న వేళ. ఆ బోధను మన దగ్గర తరచూ తేలిక చేసి చెబుతారు. గెలుపోటములు పట్టించుకోవద్దని, ఏదైనా ఒకటేనని. స్కోరుబోర్డు ముందు నిలబడ్డ పిల్లవాడికి ఆ మాట బూటకంగా వినిపిస్తుంది, వినిపించాలి కూడా. కృష్ణుడు అర్జునుణ్ణి గురి చూడొద్దనలేదు. గురి వేరు, ఫలం వేరు. గురి విసిరే క్షణానికి ఈవల ఉంటుంది. అది పూర్తిగా ఆటగాడిది. ఫలం ఆ క్షణానికి ఆవల ఉంటుంది. గాలి, అడ్డొచ్చిన ప్రత్యర్థి చెయ్యి, రింగు అంచు మీద బంతి దొర్లే తీరు, ఇన్ని కలిస్తే అది. ఆవల ఉన్నదాన్ని ఈవలికి లాక్కొచ్చి చేతిలో పెట్టుకుంటేనే మణికట్టు బిగుస్తుంది.

మరి మొక్కు సంగతేమిటి? అది ఫలం కోసం కాదా? వేములవాడలో రాజన్న, అంటే రాజరాజేశ్వరస్వామి గుడికి వెళ్లి చూడాలి. సోమవారం నాడు, శివరాత్రి జాతరకు జనం కోడెలను పట్టుకుని గుడి చుట్టూ తిరుగుతారు. పిల్లలు కలగాలని, పంట పండాలని, రోగం తగ్గాలని మొక్కుకున్నవాళ్లు వాళ్లు. ఒక చేత్తో పలుపు, ఇంకో చేత్తో బిడ్డ చెయ్యి, ముందు కొత్త మనుషులను చూసి బెదిరే కోడె. ప్రదక్షిణ అయ్యాక దాన్ని అక్కడ కట్టేస్తారు. మొక్కును చదువుకున్నవాళ్లు దేవుడితో బేరమని తీసిపారేస్తుంటారు. ఆ తీర్పు తొందరపాటు. బేరంలో సరుకు రాకపోతే మనిషి దుకాణం మారుస్తాడు. కోరిక తీరని ఏడాది కూడా రాజన్న దగ్గరికి వచ్చేవాళ్లు తక్కువేమీ కాదు. మొక్కుకున్న మనిషి ఆ క్షణంలో చేసేది ఒకటే, తన చేతిలో లేనిదాన్ని తన చేతిలోంచి తీసి ఇంకొకరి దగ్గర పెట్టడం. పడుతుందా లేదా అన్నది ఇక రాజన్న చూసుకుంటాడు. విసరడం తన వంతు. గీత ఒకలా చెప్పినదాన్ని వేములవాడలో చదువురాని తల్లి ఇంకోలా చేస్తోంది. కోడె పలుపు పట్టుకోవడానికి సంస్కృతం అక్కర్లేదు.

"టైం మంచిగ లేదు" అన్న మాట దీనికి సరిగ్గా ఎదురు. అది ఫలాన్ని కాదు, పనినే తీసుకెళ్లి గ్రహాల చేతిలో పెడుతుంది. ఫలం దేవుడికి ఇచ్చినవాడి చెయ్యి తేలికపడుతుంది. పని గ్రహాలకు ఇచ్చినవాడికి చెయ్యే మిగలదు.

ఫలం రానప్పుడు సాధన ఎలా సాగించాలన్న ప్రశ్న ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల గోదావరి తీరానికి చాలా పాతది. బౌద్ధుల సుత్తనిపాతంలో బావరి అనే బ్రాహ్మణుడు అస్సక దేశంలో గోదావరి ఒడ్డున ఉండేవాడు. అతని పదహారు మంది శిష్యులు ప్రశ్నలు మూటగట్టుకుని ఉత్తరాన బుద్ధుడి దగ్గరికి నడిచి వెళ్లారు. ఆ బావరి ఉన్న చోటు ఇప్పటి నిర్మల్ జిల్లా బాదనకుర్తి అని స్థానిక చరిత్రకారులు చెబుతారు. దిగువన పెద్దపల్లి జిల్లా ధూళికట్టలో బౌద్ధ స్తూపం బయటపడింది. ఈ నేల మీద ఒకప్పుడు విని ఉండదగ్గ కథ సోణుడిది. సుకుమారంగా పెరిగిన సోణుడు సన్యాసం తీసుకుని, పాదాలు చిట్లి నెత్తురు కారేదాకా నడుస్తూ ధ్యానం చేశాడు. ఫలం రాలేదు. ఇక ఇల్లు చేరి దానధర్మాలు చేసుకుందామనుకున్నాడు. బుద్ధుడు అతణ్ణి అడిగింది గృహస్థుగా ఉన్నప్పుడు వాయించిన వీణ గురించి. తీగ మరీ బిగిస్తే పలికిందా, మరీ వదిలేస్తే పలికిందా అని. శ్రుతి పట్టి సాధన కొనసాగించాక సోణుడు ముక్తి పొంది అర్హతుడయ్యాడు. గురి తప్పుతున్న కుర్రాణ్ణి 'ఇంకో ఐదొందలు వెయ్' అంటూ రాత్రిదాకా నిలబెట్టే కోచ్‌లు ఈ కథ ఒకసారి వినాలి. తప్పు చేతితో ఐదొందలు వేస్తే ఐదొందల తప్పులు చేతికి అలవాటవుతాయి. తక్కువ దూరం నుంచి, ఒత్తిడి లేకుండా, మణికట్టు వదులుగా వేయించి మెల్లగా వెనక్కి జరిపేవాడే షూటర్‌ని తిరిగి తెస్తాడు.

కరీంనగర్, ఆదిలాబాద్ గల్లీల్లో కిస్మత్, తఖ్దీర్ అన్న మాటలు హిందువుల నోటా వినపడతాయి, ముస్లింల నోటా వినపడతాయి. వేములవాడ గుడి ప్రాంగణంలోనే తరతరాలుగా దర్గా ఉన్న ప్రాంతమిది. ఇస్లాంలో తలరాత మీద నమ్మకం విశ్వాసంలో భాగం. అయినా ప్రవక్త గురించి తిర్మిజీ సంకలనంలో ఉన్న వృత్తాంతం చూడండి. ఒంటెను వదిలేసి దేవుణ్ణి నమ్ముకోనా అని అడిగినవాడికి, ముందు దాన్ని కట్టెయ్యమని, తర్వాత నమ్ముకోమని జవాబు వచ్చింది. పక్కనే ఉన్న నిజామాబాద్‌లో పుట్టిన బాక్సర్ నిఖత్ జరీన్ బతుకు చూస్తే ఆ వరస తెలుస్తుంది. 2011లో జూనియర్ ప్రపంచ ఛాంపియన్. 2017లో భుజానికి గాయం, శస్త్రచికిత్స. 2019 డిసెంబర్‌లో ఒలింపిక్ అర్హత పోటీల ట్రయల్‌లో మేరీకోమ్ చేతిలో 9–1 తేడాతో ఓటమి. జూనియర్ స్వర్ణానికీ 2022 మే నెలలో ఇస్తాంబుల్‌లో గెలిచిన ప్రపంచ స్వర్ణానికీ మధ్య పదకొండేళ్లు. 2023లో ఢిల్లీలో మళ్లీ గెలిచింది. 2024 పారిస్‌లో చైనా బాక్సర్ వూ యూ చేతిలో తొలి పోరు తర్వాతి రౌండులోనే ఓడిపోయింది. ఈ చివరి వాక్యాన్ని వదిలేసి స్ఫూర్తి కథ రాసుకోవచ్చు. అలా రాస్తే అబద్ధమవుతుంది. సాధనకు పతకం పూచీ కాదు. థాంప్సన్ కూడా ఆ రికార్డు రాత్రి తర్వాత ఏడాది తిరక్కముందే, 2019 జూన్ ఫైనల్లో మోకాలి లిగమెంటు తెగి కూలబడ్డాడు. అది మానుతుండగా 2020లో మడమ వెనకున్న స్నాయువు తెగింది. 941 రోజులు మ్యాచ్ ఆడలేకపోయాడు. ఏ దేవుడికి ఏం తక్కువ చేశాడని?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలమనే మతం ఏదైనా సరే, కొంచెం అనుమానంతోనే వినాలి. ఆదిలాబాద్ గోండులు జవాబు చెప్పరు, నడుస్తారు. పుష్య అమావాస్యకు ముందు మెస్రం వంశీయులు కేస్లాపూర్ నుంచి చెప్పుల్లేని కాళ్లతో గోదావరి ఒడ్డు హస్తినమడుగు దాకా వెళ్లి, ఝారిలో నీళ్లు తెచ్చి తమ దైవం నాగోబాకు పూజ చేస్తారు. ఏ ఊళ్లో ఆగాలి, ఏ చెట్టు కింద బస చేయాలి, ఎవరు ముందు నడవాలి, అన్నీ కట్టుదిట్టంగా ముందే ఉంటాయి. పంట బాగున్న ఏడాదీ అదే దారి, పోయిన ఏడాదీ అదే దారి. ఎవరూ అడ్డు రాని షాటు కోసం ఫ్రీ త్రో గీత దగ్గర నిలబడ్డ షూటర్ ప్రతిసారీ బంతిని అన్నిసార్లే నేలకు కొట్టి, ఒకేలా ఊపిరి వదిలి విసరడం కూడా ఇలాంటి క్రమమే. క్రమం ఉన్నవాడికి ఈ రోజు ఎలా ఉందో తూచుకునే పని తప్పుతుంది.

ఈ మొత్తం విషయంలో అన్నిటికన్నా లోతుకు వెళ్లినవాడు బహుశా ధర్మపురి శేషప్ప కవి. నరసింహ శతకం రాసిన ఆయన ఊరు గోదావరి ఒడ్డున, ఇప్పటి జగిత్యాల జిల్లాలో ఉంది. లక్ష్మీనరసింహుడి గుడి ఆవరణలోనే యమధర్మరాజుకూ గుడి ఉన్న అరుదైన క్షేత్రం. శతకంలో ఒకచోట శేషప్పకు పట్టుకున్న దిగులు ఇది: బతికినంత కాలం నామం తలచుకుంటాడు సరే, చివరి ఘడియలో యమదూతలు వచ్చి, గొంతుకు కఫం అడ్డం పడి, స్పృహ తప్పితే తలచుకోగలడో లేదో. అందుకని ఇప్పుడే తలచుకుంటున్నానంటాడు. భక్తిని ఇంత నిజాయితీగా చూసిన కవులు కొద్దిమంది. కీలకమైన క్షణంలో తన నాలుక తన మాట వినదని ముందే ఒప్పుకున్నాడు. ఆ క్షణాన్ని గెలవాలని చూడలేదు, దానికి ముందున్న మామూలు రోజులను నింపుకున్నాడు. ఆఖరి నిమిషంలో ఒక్క పాయింటు తేడాతో ఫ్రీ త్రో గీత మీద నిలబడే కుర్రాడికి అంతకన్నా చెప్పాల్సిందేమీ లేదు. ఆ వేళకు చెయ్యి వణుకుతుంది, వణకనివ్వాలి. నిరుడు చలికాలం పొద్దుల్లో వేసిన వేల షాట్లే అప్పుడు పనిచేస్తాయి.

అయితే ఒక అన్యాయం మిగిలే ఉంది, దాన్ని దేవుడి మీద వేయడం కుదరదు. అమెరికా కాలేజీ జట్టు ఒక సీజన్లో 30కి పైగా మ్యాచ్‌లు ఆడుతుంది. కరీకి రెండో మ్యాచ్ ఉంది కనక మొదటిది చెరిగిపోయింది. మన దగ్గర అంతర్ కళాశాలల పోటీలు చాలావరకు నాకౌట్. అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లోనూ చివరి నాలుగు జట్లు మిగిలేదాకా నాకౌటే. ఆదిలాబాద్ నుంచో, మంచిర్యాల నుంచో రాత్రంతా బస్సులో వచ్చి, పొద్దున పది గంటలకు ఒక మ్యాచ్ ఆడి, మొదటి అరగంటలో చెయ్యి కుదరక ఓడిపోయి, సాయంత్రం బస్సుకు తిరిగి వెళ్లే పిల్లలకు నెమ్మదిగా మొదలై పుంజుకునే సీజనే లేదు. వాళ్ల మొదటి తప్పే చివరి తప్పు. ఊరికి వెళ్లాక ఇంట్లో "టైం మంచిగ లేదు" అంటారు. ఆ టైం రాసింది బ్రహ్మ కాదు, ఫిక్స్‌చర్ షీటు తయారుచేసిన కమిటీ. జట్లను నాలుగేసి చొప్పున గుంపులు చేసి, ప్రతి జట్టుకూ కనీసం మూడు మ్యాచ్‌లు దక్కేలా చూడటానికి కావలసింది ఇంకో రెండు రోజుల గ్రౌండు, భోజనం, రాత్రి పడుకోవడానికి హాస్టల్ గదులు. శాతవాహన విశ్వవిద్యాలయం పరిధిలోని కాలేజీలు సెలవుల్లో తమ హాస్టళ్లు ఇవ్వగలిగితే ఈ ఖర్చులో పెద్ద భాగం తప్పుతుంది. వచ్చే విద్యా సంవత్సరం క్యాలెండర్ వేసేముందే ఆ కాలేజీల ఫిజికల్ డైరెక్టర్లు కూర్చుని ఈ విషయం తేల్చుకోవాలి.